చూడి మేకకు సుబాబుల్ ఎంతవరకు?

ప్రకాశం జిల్లాలో ఒక మంద. ఈ ఈతలో నాలుగు పిల్లలు బొచ్చు లేకుండా, గొంతు గడ్డతో చచ్చి పుట్టాయి. వేసవంతా తల్లులు తిన్నది దాదాపు సుబాబుల్ ఆకే.

రైతు: సుబాబుల్‌ను ఆడిపోసుకోకండి డాక్టరమ్మా. ఎండాకాలం మాకు పచ్చిమేత అదొక్కటే. తల్లులు నిగనిగలాడుతున్నాయి. మేతలో దోషముంటే ముందు తిన్నవాటికి రావద్దా?

డాక్టరు: చిక్కంతా అక్కడే ఉందన్నా. మేకల్లో, గొర్రెల్లో తల్లి థైరాయిడ్ హార్మోను మాయ దాటి పిల్లకు అందేది బహు తక్కువ. అయోడిన్ మాత్రం దాటుతుంది, దాంతో పిల్ల తన హార్మోను తానే తయారు చేసుకోవాలి. సుబాబుల్‌లోని మిమోసిన్ అనే విషం పొట్టలో డీహెచ్‌పీ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. అది అయోడిన్‌ను హార్మోను కానివ్వదు. హార్మోను చాలక పిల్ల గొంతులోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది, గాయిటర్ అంటే అదే. బొచ్చు మొలవదు, ఊపిరితిత్తులు పక్వానికి రావు. నూటయాభై రోజులు దాటినా ఈనని మేకలూ ఉంటాయి. బతికి పుట్టిన పిల్ల పొదుగు పట్టలేదు, చలికి ఆగలేదు. తల్లి మాత్రం పైకి బాగానే కనిపిస్తుంది.

రైతు: గొంతు వాపంటే కడుపులో నట్టలే (పురుగులే) కదా. మందు తాగిస్తే తగ్గిపోద్ది.

డాక్టరు: నట్టల వాపు దవడ కింద నీరు. వేలితో నొక్కితే గుంట పడుతుంది. గాయిటర్ ఇంకా కిందికి, గొంతుగొట్టానికి రెండు పక్కలా గట్టిగా తగులుతుంది. నెల రెండు నెలల పిల్లల్లో మెత్తగా కనిపించే వాపు వేరు. బాగా పాలు తాగే పిల్లల్లో అది మామూలే, తనంతట తగ్గుతుంది. చచ్చిన పిల్ల గ్రంథిని కోసి తూచండి. గొర్రెపిల్లల్లో కిలో శరీర బరువుకు 0.8 గ్రాములు దాటితే అయోడిన్ కొరతనే అనుమానించాలి.

రైతు: సరే, కానీ ఈసుకుపోవడానికి (చూడి పోవడానికి) బ్రుసెల్లా అనే అంటురోగం కారణం కావచ్చు కదా? అది చూడకుండా ఆకుమీద తోస్తే ఎలా? హవాయిలో మేకలు సుబాబుల్ తిని హాయిగా బతుకుతున్నాయని చెబుతారుగా!

డాక్టరు: రెండూ నిజమే. బ్రుసెల్లాకు రక్తం తీసి పంపుదాం, దాన్ని వదిలేది లేదు. హవాయి మేకల పొట్టలో డీహెచ్‌పీని తినేసే సూక్ష్మజీవి ఉంది. 1980లలో దాన్ని ఆస్ట్రేలియా పశువులకూ ఎక్కించారు. తరాలుగా ఈ ఆకు తిన్న మందలో అది ఉండొచ్చు. సంతలో కొత్తగా కొన్న మేకలో ఉంటుందన్న నమ్మకం లేదు. మీ మందలో కొత్తవెన్ని?

రైతు: ...సగం పైనే. అయోడిన్ ఉప్పు వేస్తున్నాగా?

డాక్టరు: పది గ్రాముల ఉప్పులో 0.15 నుంచి 0.3 మిల్లీగ్రాముల అయోడినే ఉంటుంది. చూడి మేకకు తిన్న మేత ఎండు బరువు కిలోకు 0.8 మిల్లీగ్రాముల దాకా కావాలి. పైగా క్యాబేజీ లాంటి మేత చేసే చెరుపును అయోడిన్ సరిచేస్తుంది, సుబాబుల్‌ది అంతగా సరిచేయదు. కాబట్టి ఆకు మేతలో మూడోవంతు దాటనివ్వకండి. మిగతాది జొన్నచొప్ప, వేరుశనగ కట్టె పెట్టండి. చూడి నాలుగో నెల మొదట్లో ఒకసారి, ఐదో నెల మొదట్లో ఒకసారి 280 మిల్లీగ్రాముల పొటాషియం అయొడైడ్ (అయోడిన్ మందు) తాగించాలి. ఎక్కువైతే అదీ గాయిటరే.

రైతు: అయితే ఇప్పుడు ఈనబోయేవాటికి?

డాక్టరు: ఇవాళే ఆకు తగ్గించండి. రక్తం తీయడానికి రేపు పొద్దున వస్తాను, మేతకు తోలకుండా ఉంచండి.