సైతాను ఎంగిలి

విక్టోరియా రాణి ఏలుబడిలో, అంటే 1837 నుంచి 1901 దాకా, ఇంగ్లండ్ పల్లెల్లో ఒకే ఒక్క శాఖ సక్రమంగా పనిచేసిందని నా స్థిరాభిప్రాయం. దానికి భవనం లేదు, గుమాస్తాలు లేరు, బడ్జెట్ అసలే లేదు. అధికారి ఒక్కడే. ఏడాదికి ఒక్కరోజే పని. ఆ అధికారి సైతాను. ఆ పని, దడుల మీద పాకిన బ్లాక్‌బెర్రీ పళ్ళ మీద ఉమ్మేయడం.

పూర్వకథ ఇది. మైకేల్ అనే ప్రధాన దూత సైతానును స్వర్గం నుంచి కిందికి గెంటినప్పుడు వాడు సూటిగా వచ్చి బ్లాక్‌బెర్రీ కంపలో పడ్డాడు. చిన్నప్పుడు రేగుకంపలో పడ్డవారికి ఆ తర్వాతి సంగతి వర్ణించనక్కర్లేదు. మైకేల్‌ను ఏమీ చేయలేక ఆ కసి కంప మీద తీర్చుకున్నాడు. ఏటా మైకేల్ పండుగనాడు, సెప్టెంబరు 29న, వచ్చి పళ్ళ మీద ఉమ్మి పోతాడు. కొన్ని ఊళ్ళలో ఉమ్మడు, తొక్కుతాడు. ఇంకొన్ని ఊళ్ళలో చేసే పని చెప్పడానికి పత్రికా మర్యాద అడ్డొస్తుంది. మొత్తానికి ఆ రోజు దాటాక పండు ముట్టరాదు.

ఎంగిలి అన్న మాటకు ఇంగ్లీషులో సమానమైన మాట దొరక్క మన అనువాదకులు తలలు పట్టుకుంటారు. మాట లేకపోతేనేం, ఆచారం ఉంది. శబరి ఎంగిలిని రాముడు కళ్ళకద్దుకుని తిన్నాడని మన కథ. సైతాను ఎంగిలిని మాత్రం ససెక్స్‌లో పస్తున్న కూలివాడి పిల్ల కూడా తినకూడదు.

ఇంత చక్కగా నడుస్తున్న శాఖలో పార్లమెంటు వేలు పెట్టింది. విక్టోరియా రాణికి ఎంతో ముందే, 1752లో, క్యాలెండర్ సవరించారు. సెప్టెంబరు 2 బుధవారం రాత్రి పడుకున్నవారు 14 గురువారం నాడు లేచారు. మధ్యలో 11 రోజులు మాయం. ఈ సంగతి సైతానుకు ఎవరు తెలియజేశారు? తాఖీదు ఏ చిరునామాకు పంపారు? ఎవరూ పంపలేదనే నా అనుమానం, ఎందుకంటే వంద సంవత్సరాలు గడిచినా పల్లెలు రెండు పక్షాలుగానే ఉండిపోయాయి. కొత్త మైకేల్ పండుగతోనే గడువు ముగిసిందని కొందరు. సైతాను పాత లెక్కవాడు కనుక అక్టోబరు 10 లేదా 11 దాకా పళ్ళు పవిత్రమేనని మరికొందరు. పళ్ళు విరగకాసిన ఏడాది రెండో పక్షానికి బలం పెరిగి ఉంటుందని ఊహించడానికి చరిత్రకారుడు కానక్కర్లేదు.

నేను సైతాను పక్షమే. క్యాలెండర్ ముందుకు దూకినా ఖజానా తన 11 రోజులను వదులుకోలేదు కదా! మార్చి 25న మొదలయ్యే లెక్కల సంవత్సరం జరిగి జరిగి ఏప్రిల్‌లో పడింది. నేటికీ బ్రిటన్ పన్ను సంవత్సరం ఏప్రిల్ 6నే మొదలవుతుంది. ఖజానాకు లేని ఉదారత సైతానుకు ఎందుకుండాలి? పైగా మైకేల్ పండుగ ఉత్త పండుగ కాదు, కౌళ్ళు చెల్లించే రోజు కూడా. భూస్వామి చేయి చాచే రోజూ సైతాను ఉమ్మే రోజూ ఒకటే కావడం యాదృచ్ఛికమేనని నమ్ముదాం.

భూస్వామి ప్రస్తావన వచ్చింది కనుక ఆ కంపలు పాకిన దడుల సంగతీ చెప్పాలి. 1604 నుంచి 1914 దాకా 5,200కు పైగా చట్టాలు చేసి, ఇంగ్లండ్ నేలలో ఐదో వంతుకు కంచెలు కట్టారు. ఊరందరి మేతబీడు ఒకరి పొలమైంది. హాథార్న్ ముళ్ళమొక్కలు నాటి దడులు పెంచారు. వాటి మీద పిట్టలు వాలి, గింజలు విసర్జించి, అడగని బ్లాక్‌బెర్రీని మొలిపించాయి. ఆవు పోయిన కూలివాడికి ఆ విధంగా పండు దక్కింది. నష్టపరిహారం కింద దీన్ని ఎవరూ ప్రకటించలేదు గానీ, ప్రకటించినవాటికంటే ఇదే నయం. పొలంలో రాత్రిపూట కుందేలును పడితే 1828 నాటి చట్టం మొదటిసారికి మూడు నెలల దాకా కఠిన శిక్ష, మూడోసారికి ఏడేళ్ళ దాకా ద్వీపాంతరం రాసిపెట్టింది. తనంతట తాను కాసిన పండును కోసుకుంటే మాత్రం దొంగతనం కాదు. కుందేలు కూడా తనంతట తానే పుట్టిందని వాదించే లాయరు కూలివాడికి దొరకలేదు.

కంప చేసే వైద్యం వేరు. దాని కొమ్మ వంగి, కొస నేలను తాకి, అక్కడా వేళ్ళు దిగితే తోరణమవుతుంది. కోరింత దగ్గు వచ్చిన పిల్లను ఆ తోరణం కింద నుంచి దూరిస్తే దగ్గు పోతుందట. కొన్నిచోట్ల మూడుసార్లు, కొన్నిచోట్ల తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లు ముళ్ళ కింద దూరిన పిల్ల దగ్గు తగ్గిందని చెప్పక పదోసారి దూరుతుందా?

ఇక బడి. 1862లో ప్రభుత్వం కొత్త నియమావళి తెచ్చి, గ్రాంటును పిల్లల తలలతో ముడిపెట్టింది. సగటు హాజరుకు తలకు 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కలు, వీటిలో ఒక్కో పరీక్ష నెగ్గితే 2 షిల్లింగుల 8 పెన్నీలు. హెడ్మాస్టరు బడి దినచర్యను లాగ్ పుస్తకంలో రాయడమూ తప్పనిసరి. 1880లో ఐదు నుంచి పదేళ్ళ పిల్లలు బడికి రావలసిందేనని చట్టమే వచ్చింది. సెప్టెంబరు కూడా వచ్చింది. పిల్లలు రాలేదు. పల్లె బడుల లాగ్ పుస్తకాల్లో హాజరు తగ్గిందనీ, పిల్లలు బ్లాక్‌బెర్రీలకు పోయారనీ రాతలు శరత్తు వచ్చిందంటే మొదలవుతాయి. పండ్లు అయ్యాక బంగాళాదుంపలు, ఆ తర్వాత ఓక్ కాయలు. వంకీ కర్రతో కొమ్మను కిందికి లాగి పండు తుంచే ప్రతి పిల్లవాడూ ప్రభుత్వ గ్రాంటులో ఒక ముక్కను తుంచుతున్నాడని లండన్‌లో ఎవరికి తెలుసు?

గమనించండి. పార్లమెంటు రమ్మంటే రాని పిల్లలు సైతాను వద్దనగానే మానుకున్నారు. జరిమానా లేదు, నోటీసు లేదు, ఒక్క ఉమ్ముతో!

దీనికి శాస్త్రం చెప్పే కారణం నాకు మరీ నచ్చింది. శరత్తు ముదిరేకొద్దీ వానకు పండు నీరుకారి, చప్పబడి, బూజుపడుతుంది. పైన ఈగలు ముసురుతాయి. ఈగకు పళ్ళు లేవు కనుక తిండి మీద ఉమ్మి, కరిగించి పీలుస్తుంది. అంటే ఉమ్మి నిజం, ఉమ్మినవాడే వేరు. అదీ పూర్తిగా వేరు కాదు. బైబిల్లో వచ్చే, తర్వాత సైతానుకే అంటుకున్న బయల్జెబూబు పేరుకు ఈగల ప్రభువు అని అర్థం. పై అధికారి సంతకం చేశాడు, కింది సిబ్బంది అమలు చేశారు.

ఆ హెడ్మాస్టరును తలచుకుంటే జాలేస్తుంది. గడువు తీరి, ఊదారంగు వేళ్ళతో పిల్లలు బల్లల మీద కూర్చున్న సాయంత్రం, గైర్హాజరు గురించి ఘాటుగా నాలుగు వాక్యాలు రాయడానికి ఆయన లాగ్ పుస్తకం తెరిచి ఉంటాడు. అప్పుడే ఏ కూలివాడి భార్యో కొంగు చాటున కాకపోయినా ఏప్రన్ చాటున ఒక జాడీ జాము తెచ్చి, “మీ కోసమే, అయ్యగారూ” అని బల్ల మీద పెట్టి ఉంటుంది. ఆయన కలం పక్కన పెట్టి రొట్టె ముక్క తీసుకుని ఉంటాడు. పండ్లు ఏ తేదీన కోశారని మాత్రం అడిగి ఉండడు.