స్కీయింగ్ కొండ చూపించి కొడుంగైయూరును ఒప్పించలేరు

ఉత్తర చెన్నై కొడుంగైయూరులో చెత్త కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టాలన్న ఆలోచనను వెనకేసుకొచ్చేవాళ్లు కోపెన్‌హాగన్ ఫొటో చూపిస్తారు. అక్కడ అలాంటి ప్లాంటు కప్పు మీదే జనం స్కీయింగ్ చేస్తారు. 85 మీటర్ల ఎత్తు, ప్లాస్టిక్ కుచ్చుల పరుపు, మంచుతో పనిలేదు. 2019లో తెరిచారు. అందమైన కట్టడమే, కాదనను.

ఆ ఫొటోలో కనపడనిది పొయ్యి ఆకలి. ఒకసారి అంత పెద్ద పొయ్యి కట్టాక రోజూ మేపాల్సిందే. సొంత చెత్త చాలక అక్కడ విదేశాల నుంచి తెప్పించుకున్నారు. పొగలోని కార్బన్‌ను పట్టే ప్రాజెక్టుకు డబ్బు దొరక్కపోవడంతో, 2025కల్లా కార్బన్ రహిత నగరం కావాలన్న లక్ష్యాన్ని 2022లో వదిలేశారు.

మరి మన పొయ్యికి ఏం వేస్తాం? మా పెరంబూరు వీధికి పొద్దున్నే బ్యాటరీ బండి వస్తుంది. తెచ్చేది తెలుగావిడే. ‘‘తడి చెత్త విడిగా ఇయ్యమ్మా’’ అని ఇంటింటికీ చెప్పి చెప్పి అలిసిపోయి, కవరు తనే చింపుతుంది. అరిటాకు, సాంబారన్నం, కొబ్బరి చిప్ప, డైపరు. పులిసిన నీళ్లు మోచేతి దాకా కారతాయి. ఇది మండదు, ఉడుకుతుంది. కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి వేడినిచ్చే, మళ్లీ వాడలేని చెత్తను ఇంధనానికి పంపాలని కేంద్రం 2016లో తెచ్చిన చెత్త నిబంధనలు చెప్పాయి. తడి చెత్త ఆ లెక్కకు అందదు. అప్పుడు పొయ్యికి కావాల్సింది అట్టపెట్టెలు, ప్లాస్టిక్కు. అంటే చెత్త ఏరుకుని పాత సామాన్ల కొట్టుకు వేసి బతికేవాళ్ల కూడు.

డంపు యార్డులూ ప్రమాదమే, 2022లో చెన్నైలోనే పెరుంగుడి యార్డు తగలబడింది నిజమే. కానీ తడి చెత్తను వార్డులోనే ఎరువు చేస్తే ఆ గుట్ట పెరగదు కదా!

అసలు ప్రతిసారీ ఉత్తర చెన్నైయే ఎందుకు? ఎన్నూరులో థర్మల్ బూడిద, మణలిలో రిఫైనరీ, కొడుంగైయూరులో దశాబ్దాల చెత్త గుట్ట. దక్షిణాన ఈసీఆర్ (తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద టికెట్ కొని ఆడుకునే మంచు గది ఉంది. ఊరి చెత్త ఎత్తే తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఉత్తరాన ఉంటున్నాయి. వాళ్ల పిల్లలు పీల్చే గాలిలోకి ఇంకో పొగగొట్టం పెట్టే ముందు, మా వీధి బండికి మంచి గ్లౌజులు, వార్డుకో ఎరువు షెడ్డు ఇవ్వండి. గుట్ట తవ్వగా ఖాళీ అయిన నేలలో ఆటస్థలం వేయండి. జారుడు కొండ అక్కర్లేదు, చదును నేల చాలు.