షీల్డ్ పీకేసి గెలాక్సీ దాటమనే రీల్‌కు జవాబు

ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష షిప్‌ల గేమ్ ఆడే నల్లగొండ, పాలమూరు పోరగాళ్ల ఫోన్లల్ల ఒకటే రీల్ తిరుగుతున్నది. దూరం పోవాల్నంటే షిప్‌ను దెబ్బల నుంచి కాసే షీల్డ్ పీకేయమంటడు రీల్ చేసినాయన. ఇంధనం ఏ నక్షత్రం దగ్గరైనా దొరుకుతదంటడు. న్యూట్రాన్ నక్షత్రమైనా వైట్ డ్వార్ఫ్ అయినా ఒకటే, దుంకుకుంట పొమ్మంటడు. ఇంట్ల కరెంటు పోతే స్కాన్ చేసిందంతా గంగల కలుస్తదట. ఇరుక్కుంటే షిప్‌ను మనమే పేల్చుకునే సెల్ఫ్ డిస్ట్రక్ట్ కొట్టాల్నట, ఇన్సూరెన్స్ ఉన్నదట. ఎడిటింగ్ మాత్రం ముచ్చటగ ఉన్నది.

ఆయన లెక్కంతా జంప్ రేంజ్ (షిప్ ఒక్క దుంకుల పోయే దూరం) చుట్టే. కానీ నెలల తరబడి తిరిగినోని దగ్గరుండే ఆస్తి ఇంకా అమ్మని స్కాన్ డేటా, అంటే నక్షత్రాలు, గ్రహాల మీద కూడేసిన వివరాలు. ఆ డేటా కొనే యూనివర్సల్ కార్టోగ్రాఫిక్స్‌ల అమ్మేదాకా పైసలు రావు, 'మొదట కనుగొన్నది' అని మన పేరు కూడా పడదు. నడుమల షిప్ పేలితే మొత్తం పాయె. ఏ సలహానైనా ఈ ఒక్క తక్కెడల పెట్టి తూచాలె.

షీల్డ్ సంగతి అంకెలతోనే చూద్దాం. ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్ అనే షిప్‌కు ఉత్త హల్లే (షిప్ బాడీ) 280 టన్నులు. దానికి సరిపోయే 3డీ (సైజు 3, గ్రేడ్ డీ) షీల్డ్ జనరేటర్ 2 టన్నులు. ఇంధనం, మాడ్యూల్స్ (షిప్‌ల బిగించే యంత్రాలు) అన్నీ కలిపి 350 టన్నులనుకుంటే, షీల్డ్ తీసినందుకు 50 కాంతి సంవత్సరాల రేంజ్‌కు కలిసొచ్చేది 0.3. ఆటల దూరాన ఉండే కొలోనియా అనే చోటు మన సూర్యుని నుంచి దాదాపు 22,000 కాంతి సంవత్సరాలు. అంత దారిల మిగిలేది మూడు జంపులు! ఛాయ్ చల్లారేంత సేపు కూడా కాదు. గ్రావిటీ ఎక్కువున్న గ్రహం మీద దిగేటప్పుడు షిప్ మనం అనుకున్నదానికంటే జోరుగ కిందికి జారుతది. నేల తాకిన దెబ్బ షీల్డ్ ఉంటే షీల్డ్ కాస్తది, లేకుంటే హల్ తింటది. దారిలనే రిపేర్ చేసే యంత్రం ఏఎఫ్‌ఎంయూ ఉన్నది కదా అంటరు. అది మాడ్యూల్స్‌నే బాగుచేస్తది, హల్‌ను ముట్టదు. హల్‌కు రిపేర్ లింపెట్లు అనే చిన్న డ్రోన్లు కావాలె.

బరువు నిజంగ తగ్గాల్నంటే ఆయుధాలు తీసేయండి, మాడ్యూల్స్ తేలికగ ఉండే డీ గ్రేడ్‌వి వేసుకోండి. కార్గో ర్యాక్‌లు పీకి మురిసిపోయేటోళ్లు కూడా ఉన్నరు. ఖాళీ ర్యాక్ బరువు సున్న. నక్షత్రం నుంచి ఇంధనం తోడే ఫ్యూయల్ స్కూప్, ఏఎఫ్‌ఎంయూ బరువు కూడా సున్ననే.

ఏ నక్షత్రం దగ్గరైనా ఇంధనం అన్నది పచ్చి అబద్ధం. స్కూప్‌కు పనికొచ్చేవి ఏడు రకాలు: ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం. ఎల్, టీ, వై రకం బ్రౌన్ డ్వార్ఫ్‌లు చుక్క ఇయ్యవు. వైట్ డ్వార్ఫ్, న్యూట్రాన్, బ్లాక్‌హోల్ కూడా అంతే. అచ్చంపేట దాటి నల్లమలల అడుగుపెట్టేటోడు ముందుగాల ట్యాంకు చూసుకున్నట్టు, గెలాక్సీ మ్యాప్‌ల స్టార్ క్లాస్ ఫిల్టర్‌ను ఆ ఏడింటికి పెట్టి, రూట్‌కు కూడా ఆ ఫిల్టర్ వర్తించేటట్టు టిక్ కొట్టండి.

న్యూట్రాన్ దగ్గర ఆయన మాటల సగం నిజమున్నది. న్యూట్రాన్ జెట్‌ల (నక్షత్రం ఎగజిమ్మే ధారల) చార్జ్ చేసుకుంటే తర్వాతి జంప్ నాలుగింతలు: 50 పోయే షిప్ 200 పోతది. వైట్ డ్వార్ఫ్ ఇచ్చేది ఒకటిన్నర రెట్లు మాత్రమే. పైగా దాని జెట్ పొట్టిది, నక్షత్రానికి అంటుకొని ఉంటది. కొంచెం లోపలికి పోతే ఎమర్జెన్సీ డ్రాప్ అయి (వేగం టక్కున ఆగిపోయి) షిప్ ఆ జెట్‌లనే పడుతది. ఇగ గిరగిర తిరుగుడు, మాడ్యూల్స్ అరుగుడు. ఇరవై అయిదు కాంతి సంవత్సరాల కోసం అంత సాహసం నేను చెయ్య. న్యూట్రాన్‌కు కూడా పద్ధతి ఉన్నది. సిస్టమ్‌ల అడుగుపెట్టంగనే థ్రాటిల్ సున్న చెయ్యాలె, జెట్ ఎటున్నదో చూడాలె, దాని చివరి అంచు నుంచి లోపలికి పోయి చార్జ్ కాంగనే పక్కకు తప్పుకోవాలె. ఒక్కో చార్జ్‌కు జంప్ చేయించే ఇంజన్ ఎఫ్‌ఎస్‌డీ కొంచెం దెబ్బతింటది. రిపేర్ నడిచినంతసేపు ఆ మాడ్యూల్ బందు ఉంటది కాబట్టి, ముందుగాల సూపర్‌క్రూజ్ (సిస్టమ్ లోపల అతివేగంగ పోయే పద్ధతి) నుంచి బయటికి వచ్చి తర్వాతనే ఏఎఫ్‌ఎంయూ నడపాలె. ఏఎఫ్‌ఎంయూ తనను తాను బాగుచేసుకోలేదు. అందుకే దూరం పోయేటోళ్లు రెండు పెట్టుకుంటరు, ఒకటి ఇంకొకదాన్ని చూసుకుంటది.

కరెంటు పోతే డేటా పోదు. లెక్కంతా సర్వర్ల ఉంటది. డేటా పోయేది షిప్ పేలినప్పుడే. ఉరుములు, మెరుపులు మొదలైతే షిప్‌ను ఎక్కడన్న చదునైన నేల మీద దించి ఆట బందు పెట్టుకోండి, అంతే.

ఇగ సెల్ఫ్ డిస్ట్రక్ట్. రీల్ చూసిన మిర్యాలగూడ తమ్ముడొకడు "ఏందన్నా, ఇన్సూరెన్స్ ఉన్నంక భయమెందుకు?" అన్నడు. షిప్ ధరల 5 శాతం కడితే షిప్ తిరిగొస్తది, నిజమే. అమ్మని డేటా, అమ్మని ఎక్సోబయాలజీ శాంపిల్స్ (గ్రహాల మీది జీవాల నమూనాలు) తిరిగిరావు. రేపు ఇంకెవడో అదే సిస్టమ్ స్కాన్ చేసి అమ్ముకుంటే పేరు వానిది. ఇంధనం ఒడిసిపోతే పిలవడానికి ఫ్యూయల్ ర్యాట్స్ ఉన్నరు. 2015 నుంచి ఆటగాళ్లే పైసా తీసుకోకుంట ఇంధనం తెచ్చిపోస్తున్నరు, చాన దూరాలకు కూడా వస్తరు. కాకపోతే ట్యాంకు పూర్తిగ ఖాళీ అయితే లైఫ్ సపోర్ట్ ఆగి ఎమర్జెన్సీ ఆక్సిజన్ మొదలైతది. బరువు తక్కువని మనం పెట్టుకునే డీ గ్రేడ్‌ల అది ఏడున్నర నిమిషాలే. ఆ గడియారం కనపడంగనే మెయిన్ మెనూకు బయటికి రండి, అక్కడ టైమ్ ఆగుతది. మెసేజ్ ఆ తర్వాత పెట్టండి, వాళ్లు లోపలికి రమ్మనేదాకా షిప్ ఎక్కకండి.