మంచు పంటకు మద్దతు ధర

నీళ్లు పెట్టి గోడను పండించవచ్చని నా 31 ఏళ్ల ఇరిగేషన్ సర్వీసులో ఒక్క ఇంజనీరూ నాకు చెప్పలేదు. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద వరికి పెట్టాం, మిర్చికి పెట్టాం, చివరి భూములకు కూడా పెట్టామని రికార్డుల్లో రాశాం. గోడకు మాత్రం పెట్టలేదు. ఆ లోటు రిటైరయ్యాక, అమెరికాలోని మిన్నెసోటాలో తీరింది.

అమ్మాయి రెండో కాన్పుకని నవంబరులో వచ్చాం. జనవరి నెలాఖరుకి వాకిట్లో మైనస్ 18 ఉంది. ఉచితం. ఇంటి చూరు నుంచి మర్రి ఊడల్లా మూరెడేసి మంచు ఊడలు వేలాడుతున్నాయి. అవీ ఉచితమే. నెత్తిన పడతాయేమోనని అల్లుడు శనివారం పొద్దున్నే పార తీసుకుని వాటినన్నిటినీ కొట్టి పడేశాడు. సాయంత్రం, సరిగ్గా అలాంటివే చూపించడానికి నన్నూ ఆరేళ్ల మనవణ్ణీ కారెక్కించి గంట దూరం తీసుకెళ్లాడు. ముగ్గురికీ కలిపి టికెట్లు మన లెక్కలో ఆరు వేల పైచిలుకు.

"అది ఐస్ క్యాజిల్ మావయ్యా, చూడాల్సిందే" అన్నాడు.

"పొద్దున నువ్వు కొట్టేసింది?"

"అది వేరు."

ఎలా వేరో దారంతా ఆలోచించాను. వెళ్లాక అర్థమైంది. దానికి లైట్లున్నాయి.

లోపలికి పంపే పద్ధతి నాకు కొత్త కాదు. మన దగ్గర దాన్ని వారబందీ అంటారు. ఫలానా తూముకు ఫలానా గంట అన్నట్టు మా వంతు ఆరున్నరకి. ఆరూ ఇరవైకి వెళితే గేటు దగ్గరి కుర్రాడు, అచ్చం కాలువ తూముల దగ్గర కాపలా కాసే మా పాత లస్కరు మొహంతోనే, పక్కన నిలబడమన్నాడు. ఆ పది నిమిషాల్లో కాలివేళ్లు ఒక్కొక్కటే నాతో సంబంధాలు తెంచుకున్నాయి. ఇంతకుముందే ఫోనులో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. జారిపడినా, మీద ఏదైనా విరిగి పడినా వాళ్లకు సంబంధం లేదని దాని సారం. ముప్పయ్యేళ్లు తూముల దగ్గర రైతుల చేత తిట్లు తిన్నవాణ్ణి. అలాంటి కాగితం ఒకటి ముందే రాయించుకోవచ్చన్న ఆలోచన మా శాఖలో ఎవరికీ రాకపోవడం తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

లోపల నిజంగా బాగుంది. ఆ మాట దాచిపెడితే పాపం. మూడు నిలువుల ఎత్తు గోడలు, వాటినిండా వేల ఊడలు, ఒకదాని మీద ఒకటి కరిగి గడ్డకట్టి, కరిగి గడ్డకట్టి, కొవ్వొత్తుల గుట్టలా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే మంచులోపల సన్నటి గాలిబుడగలు, గొలుసు తెగిన పూసల్లా. లైటు లేనిచోట కూడా మందపాటి మంచు నీలంగానే కనిపించింది. ఎరుపు వెలుగును మంచు తాగేస్తుంది, నీలం మిగులుతుంది, అంతే. మనవడు గోడను చేత్తో తడిమాడు. తడిసిన ఉన్ని గ్లవ్ గోడకు అతుక్కుపోయింది. నేను లాగితే గ్లవ్ వచ్చింది గానీ నాలుగు ఎర్రటి పోగులు అక్కడే ఉండిపోయాయి. ఆ కోటలో మా వంశం పేరిట ఉన్న ఆస్తి అదే.

ఒకచోట పాకుతూ వెళ్లాల్సిన సొరంగం ఉంది. మోకాళ్ల నొప్పులకు రెండు రకాల మాత్రలు వాడే మనిషి అందులో ఎందుకు దూరాలి? మనవడు దూరాడు కాబట్టి. వెనకనుంచి తెలుగు వినిపించింది: "తొందరగా తియ్యరా బాబూ, చెవులు ఊడిపోతున్నాయి." చూస్తే ఒకాయన కోటు విప్పి, టోపీ తీసి, చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఫొటోలో కోటు ఉంటే చలి కనిపిస్తుందట. మూడో ఫొటోకి ఆయన ఫోను చలికి చచ్చిపోయింది. కోటు తొడుక్కుంటూ మావైపు చూసి, "మీది పనిచేస్తుందాండీ?" అన్నాడు. మాదీ చచ్చిపోయింది. పండగ పూట బంధువులు కలిసినట్టు కాసేపు ఆ విషయమే మాట్లాడుకున్నాం.

ఈ పంట ఎలా తీస్తారో కనుక్కోవడం నా వృత్తిధర్మం అనిపించింది. బూట్లకు ముళ్లు కట్టుకుని, భుజాన నీళ్ల గొట్టం వేసుకుని ఒక అమ్మాయి వెళుతుంటే అల్లుడి చేత అడిగించాను. ముందు ఇనప చట్రాల మీద నీళ్లు చల్లి ఊడలు పెంచుతారు. అదే నారుమడి. ఎదిగాక చేత్తో విరిచి, తెచ్చి గోడల మీద నిలబెడతారు. అది నాటు. ఆ తర్వాత రాత్రుళ్లు నీళ్లు పెడతారు, బాగా చలి ఉన్నప్పుడు, అదీ కొలతగా. ఎక్కువైతే గోడ చెడుతుంది, తక్కువైతే ఎదగదు.

రాత్రుళ్లు నీళ్లు పెట్టడం! రెండు గంటలకి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి పోయే మనిషిని మా పల్నాట్లో ఏ ఊళ్లోనైనా చూపిస్తాను. అతనికీ ఈ అమ్మాయికీ పనిలో తేడా లేదు. అతని చేను చూడటానికి గంట దూరం నుంచి వచ్చి, టికెట్ కొని, అందులో పాకి, ఫొటో దిగి, చల్లారిన హాట్ చాక్లెట్ తాగి వెళ్లేవాళ్లు లేరు, అంతే. మద్దతు ధర కోసం కమిటీలు వేసేవాళ్లు ఒక్కసారి ఈ కోటకు రావాలని మనవి. ఇక్కడ పంట అమ్మరు. పంటను చూపిస్తారు. పంట పొలంలోనే ఉంటుంది, డబ్బు మాత్రం ఇంటికి వస్తుంది. తూకంలో మోసం లేదు, తేమ శాతం పేరుతో కోత లేదు. ఇది నూటికి నూరు శాతం తేమే.

గడ్డకట్టిన నీళ్లు మనకు అమ్మడం అమెరికావాళ్లకు కొత్తేమీ కాదు. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వ్యాపారి 1833లో అక్కడి చెరువుల మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి ఓడలో కలకత్తా పంపాడు. నాలుగు నెలల ప్రయాణం. ఎక్కించింది దాదాపు 180 టన్నులు, దిగింది 100. మిగతాది సముద్రం పాలు. కాలువ నీటి లెక్కలు తెలిసినవాడిగా చెబుతున్నాను, అది చాలా గౌరవప్రదమైన నష్టం. చెన్నపట్నంలో ఆ మంచు దాచిన గోదామే ఐస్ హౌస్. తర్వాత 1897లో వివేకానందుడు బసచేసింది అందులోనే. అప్పుడు మంచును మన దగ్గరికి తెచ్చారు. ఇప్పుడు మనల్నే మంచు దగ్గరికి తెచ్చుకుంటున్నారు. రంపపు పొట్టు ఖర్చు మిగిలింది.

అసలు మంచు ఇంట్లోకి మనుషుల్ని పంపడం మొదట్లో శిక్ష. 1740లో రష్యా మహారాణి అన్నా, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మంచుతో భవనం కట్టించి, తనకు కోపం తెప్పించిన గొలీత్సిన్ అనే రాజవంశీకుడికి బలవంతపు పెళ్లి చేసి, ఆ రాత్రి అందులో పడుకోబెట్టింది. మంచమూ మంచే, దిండూ మంచే. వాళ్లకు టికెట్ తీసుకోలేదు.

మిన్నెసోటా కథ వేరు. అది పౌరుషం కథ. 1885లో న్యూయార్క్ పత్రికాయన ఒకడు సెయింట్ పాల్ ఊరిని ఇంకో సైబీరియా అనీ, మనుషులుండటానికి పనికిరాదనీ రాశాడు. ఊరివాళ్లు పరువునష్టం దావా వేయలేదు. మరుసటేడాది చలికాలంలో ఉత్సవం పెట్టి, మంచుతో పెద్ద భవనమే కట్టారు. "అవునురా, చలే, వచ్చి చూడు" అన్నారు. ఆ ఉత్సవం ఇప్పటికీ ఉంది. చివర్లో అగ్నిరాజు దళం వచ్చి చలిరాజును గద్దె దించుతుంది. భోగిమంట లాంటిదే, కాకపోతే వేషాలు ఎక్కువ.

దీన్ని దృష్టిలో పెట్టుకుని మా జిల్లా పర్యాటక అధికారులకు ఒక ప్రతిపాదన తయారుచేస్తున్నాను. రెంటచింతల గురించి పేపర్లు ఏటా మే నెలలో ఏమని రాస్తాయో అందరికీ తెలుసు. రాష్ట్రంలోకెల్లా ఎండ అక్కడేనని. ఆ ఎండను ఇన్నాళ్లూ ఉచితంగా కాయించి పాడుచేశాం. అక్కడ రేకులతో ఒక ఎండల కోట కట్టాలి. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి మూడు దాకా అరగంటకో వంతు. వడదెబ్బకు మాకు సంబంధం లేదని ముందే సంతకం. గోడలకు ఎర్రలైట్లు. పాకుతూ వెళ్లడానికి రేకుల సొరంగం, పిల్లలకు మాత్రమే. బయట గోలీసోడా, హాట్ చాక్లెట్ ధరకే. వాన పడితే ఆ రోజుకు కోట మూత. డబ్బు వాపసు ఉండదు, ఇంకో ఎండ రోజుకు మార్చుకోవచ్చు. కరెంటు కోతను ప్రత్యేక ఆకర్షణగా ప్రకటించాలి. మిన్నెసోటా నుంచి జనం విమానాల్లో దిగుతారు. వాళ్లు కూడా చొక్కా విప్పే ఫొటో దిగుతారు, కాకపోతే కారణం ఉంటుంది.

ఈ సాగులో నష్టం లేదని కాదు. కొలరాడోలో లెడ్‌విల్ అనే వెండి గనుల ఊరు, వెండి ధర పడిపోయి దివాలా తీసే స్థితిలో, 1896 జనవరి 1న పెద్ద మంచు భవనం తెరిచింది. మార్చి దాటలేదు, కరిగిపోయింది. అకాల ఎండకు పంట పోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా.

ఇంటికొచ్చాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రాత్రి లేచి, స్వెట్టరు మీద కోటు, కోటు మీద శాలువా కప్పుకుని, చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ముందు వరండా కమ్మీ మీద సన్నటి ధారగా పోశాను. గంటకోసారి, నాలుగు తడులు. నీటి తీరువా అల్లుడు కట్టుకుంటాడు. అలా నాలుగు రాత్రులు పెట్టేసరికి బీరకాయంత ఊడ దిగింది. వంకర లేదు, బుడగలు తక్కువ. మా ఆవిడను పిలిచి చూపించాను. పసిబిడ్డను భుజాన వేసుకుని కిటికీలోంచే చూసి, "బాగుందండీ, ఎకరాకి ఎన్ని బస్తాలు?" అంది.

కమ్మీ కింద మెట్లు కూడా గాజులా తయారయ్యాయని నాకు తట్టలేదు. పార్సిల్ తెచ్చిన కుర్రాడు జారబోయి కమ్మీ పట్టుకున్నాడట. సాయంత్రం అల్లుడు ఒక్క మాట అనకుండా గ్యారేజీ నుంచి ఉప్పు బస్తా తెచ్చి, మెట్ల మీదా, కమ్మీ మీదా, ఊడ మొదట్లోనూ దోసిళ్లతో చల్లాడు. తెల్లారేసరికి పంట నేలపాలు. నష్టం రాసుకోవడానికి ఈ ఊరి వీఆర్‌వో ఎవరో కనుక్కుంటున్నాను.