మహారాజశ్రీ టెన్నిస్ బంతి గారి సముఖమునకు

అయ్యా,

మా ఇంటి లాబ్రడార్ టైగర్‌కు చదువు రాదు కనుక అతని తరఫున నేను రాస్తున్నాను. ఉభయకుశలోపరి.

మీ వంశం సామాన్యమైనది కాదు. మీ వ్యాసం 6.54 నుంచి 6.86 సెంటీమీటర్లు, బరువు 56 నుంచి 59.4 గ్రాములు ఉండాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య శాసించింది. ఎంత ఎత్తు నుంచి వదిలితే ఎంత ఎగరాలో కూడా రాసిపెట్టింది. టీవీ ప్రేక్షకులకు బాగా కనబడాలని 1972లో మీకు పసుపు రంగు వేయించింది. వింబుల్డన్ పెద్దలు మాత్రం 1986 దాకా మీ చేత తెల్లబట్టలే కట్టించారు. ఇన్ని నిబంధనలు రాసినవారు కుక్క నోట్లో మీ నడవడిక ఎలా ఉండాలో ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాస్తారు? మిమ్మల్ని పుట్టించింది రాకెట్ కోసం. పిలవని పేరంటంగా టైగర్ దగ్గరికి వచ్చి కూర్చున్నది మీరే.

మీ ఒంటి మీది నూగు చూసి మిమ్మల్ని పరమ సాధువులనుకుంటారు జనం. ఉన్నీ నైలానూ కలిపి, గచ్చు దెబ్బలకూ రాకెట్ దెబ్బలకూ ఓర్చుకునేలా చేసిన బట్ట అది. దానికి మైదానంలోని ఇసుక అంటుకుంటే గరుకు కాగితమే. టైగర్ మిమ్మల్ని తెచ్చిచ్చి ఊరుకునే రకం కాదు. గడప దగ్గర ముందుకాళ్ల మధ్య బిగించుకుని, కళ్లు అరమోడ్చి, ఒక పక్క దవడతో చపచపమని నములుతాడు. చొంగలో నానిన పసుపు పోగులు గచ్చుకు అతుక్కుంటాయి. ఆయనగారు తపస్సులో ఉన్నట్టే ఉంటారు, అక్కడ పళ్ల మీది పింగాణీ పూత మాత్రం అరిగిపోతూ ఉంటుంది. రోజూ ఇదే పని పెట్టుకున్న కుక్కల కోరలు మొనలు పోయి, మధ్యలో గోధుమరంగు చుక్క తేలుతుంది.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత మీ కోసమే పుట్టి ఉండాలి. మీ లోపల ఉన్నది గాలి. పెద్ద దవడల కుక్క గట్టిగా నొక్కితే అణిగి, నాలుక వెనక్కి జారి, అక్కడ మళ్లీ ఉబ్బుతారు. ఆ తరవాత ఊపిరి ఆడదు. ఈ వినయం మాకు వద్దు.

మీరు కాకపోతే ఎవరని అంగడికి వెళితే, “ఎంత కొరికినా చెక్కుచెదరదు” అంటూ గేదె కొమ్ములూ గిట్టలూ ఉడికించిన ఎముకలూ చేతిలో పెట్టారు. మాట అబద్ధం కాదు, అవి చెక్కుచెదరవు. చిట్లేది పై దవడలో మాంసం చీల్చే పెద్ద పన్ను. నలభై రెండు పళ్లున్నాయి కదా, ఒకటి పోతే ఏమని అంగడివారి ధీమా కాబోలు! పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని ఊరికే అనలేదు పెద్దలు. పశువైద్యులు చెప్పే పరీక్షకు పైసా ఖర్చు లేదు: బొటనవేలి గోరుతో నొక్కితే బొమ్మ కాస్తయినా లొంగాలి. లొంగకపోతే అక్కడే వదిలేసి రావాలి.

రాళ్లంటే గుర్తొచ్చింది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన పెంచిన జర్మన్ షెపర్డ్ ఫ్రిట్జ్‌కు రాళ్లు నమలడమే వ్యసనం. ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేసుకుంటుంటే, దాని సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క ఒకటి ఫ్రిట్జ్‌కు చిక్కింది. ఇక రాళ్ల జోలికి పోలేదు. ఆ ముక్క రూపమే తరవాత కాంగ్ అనే బొమ్మ అయింది. కుదుపులు మింగడానికి పుట్టిన రబ్బరు కదా, దవడను ఎదిరించలేదు, దవడకు ఓడనూ లేదు.

అందుకే మీ స్థానంలో దళసరి సహజ రబ్బరు బొమ్మను నియమించాం. టైగర్ నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దది. రెండు వైపులా రంధ్రాలున్నాయి. ఒకటే ఉంటే గాలి ఆగిపోయి నాలుక లోపలికి పీల్చుకుపోయే ప్రమాదం ఉంది. పోపు లేని పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే, ఎండాకాలం మధ్యాహ్నం మా ఇంటి గుమ్మం చెక్క బతికిపోతుంది.

మీ రంగు విషయంలో మాత్రం వేలు పెట్టలేను. కుక్కల కళ్లకు పసుపూ నీలమూ తేలిగ్గా ఆనుతాయి. ఎర్రబంతి పచ్చగడ్డిలో పడితే టైగర్ ముక్కును నమ్ముకోవలసిందే. కనుక మిమ్మల్ని పూర్తిగా వెలివేయడం లేదు, వీధి చివరి క్రికెట్‌కు బదిలీ చేస్తున్నాం. ఎదురింటి మేడ మీద పడితే ఔటు అన్న నిబంధన ఒక్కటే అక్కడ. మీ సమాఖ్య నిబంధనల కన్నా సులువు.

ఇట్లు,
టైగర్ గారి లేఖకుడు

తా.క.: మీ ఖాళీకి తాడుబొమ్మ కూడా దరఖాస్తు పెట్టుకుంది. మింగిన పోగులు పేగులను కుచ్చెళ్లు పోసినట్టు ముడుచుకుపోయేలా చేస్తాయి కనుక, మొదటి పోగు ఊడిన రోజే రాజీనామా ఇస్తానని ముందుగా రాసిస్తేనే ఉద్యోగం అన్నాను. ఇంకా సంతకం పెట్టలేదు.