పాటను అక్షరానికే వదిలేయండి

కరోకే గదిలో నాకు పాడటం కంటే పాట ఎంచుకోవడమే పెద్ద టెన్షన్. జపాన్‌లో ఆఫీసు వాళ్ళతో వెళ్తే ఈ టెన్షన్ రెట్టింపు. కొత్త పాట పెడితే పెద్దవాళ్ళు తెల్లముఖం వేస్తారు. పాతది పెడితే కుర్రాళ్ళు ఫోన్లలో దూరిపోతారు. మేనేజర్ గారు ఎప్పుడూ పాడే పాటను మనం ముందే పాడేశామా, ఇక ఆ సాయంత్రం గోవిందా.

అందుకే నా ఓటు షిరితోరి కరోకేకి. షిరితోరి అక్కడి పిల్లలందరికీ తెలిసిన మాటల ఆట. ఒకరు చెప్పిన మాట ఏ అక్షరంతో ముగిస్తే, తర్వాతివాళ్ళు ఆ అక్షరంతో మొదలయ్యే మాట చెప్పాలి. 'న్'తో ముగిసే మాట చెప్పినవాళ్ళు ఔట్, ఎందుకంటే దానితో మొదలయ్యే మామూలు జపనీస్ మాట ఏదీ లేదు. (చాద్ దేశపు రాజధాని ఎన్జమెనా పేరు పట్టుకొచ్చి వాదించేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు, వాళ్ళని వదిలేద్దాం.) మాటల బదులు పాటల పేర్లు పెట్టుకుని, ఒక్కొక్కటీ ఒక చరణం పాడి ఆపేస్తే అదే షిరితోరి కరోకే.

మన అంత్యాక్షరే కదా అంటారు. దగ్గరి చుట్టమే గానీ, దీని రూలు చాలా కఠినం. మనం పాడిన పల్లవి చివరి అక్షరం పట్టుకుంటాం, వాళ్ళు పాట పేరులో చివరి అక్షరం పట్టుకుంటారు. మనకి 'ల' వస్తే లా, లే, లో ఏదైనా చెల్లుతుంది. 'ళ' వచ్చినా 'ల' అని సర్దుకుంటాం. వాళ్ళకి 'రు' వస్తే 'రు'యే. రా, రి, రె ఏవీ పనికిరావు.

ఆ 'రు' దగ్గరే అందరూ చచ్చేది. జపనీస్ క్రియలు మూలరూపంలో చాలావరకు 'రు'తో ముగుస్తాయి, కాబట్టి పాటల పేర్లూ అలాగే ముగుస్తుంటాయి. కానీ అచ్చ జపనీస్ మాటలు 'ర' వరుసతో మొదలుకావు. అలా మొదలయ్యేవి దాదాపు అన్నీ చైనా నుంచో, పడమటి దేశాల నుంచో వచ్చినవే. ఎడో కాలంలో (షోగన్ల పాలన నాటి పాత జపాన్‌లో) రష్యా పేరు నోరు తిరగక ముందు ఒక 'ఒ' తగిలించి ఒరోషియా అన్నారు, తమిళంలో రాముణ్ణి ఇరామన్ అని రాసినట్టు. అంటే 'రు' దగ్గరికి వచ్చి పడే పాటలు బోలెడు, అక్కడి నుంచి బయటపడేసేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కావాలని ఎదుటివాళ్ళని 'రు'లోకి తోయడానికి రు-జెమె అని పేరు కూడా ఉంది. యోఅసోబి అనే ఇద్దరి బృందం రెండు పెద్ద హిట్లు, 2019లో 'యోరు ని కాకేరు', 2023లో 'ఐదోరు', రెండూ 'రు'తోనే ముగుస్తాయి. కుర్రాళ్ళు వాటిలో ఒకటి పాడేసి, నవ్వుతూ మైకు పక్కవాళ్ళ చేతిలో పెడతారు.

దీన్ని దొంగాట అని సణిగేవాళ్ళతో నేను ఒప్పుకోను. 'రు' పడినప్పుడే కదా, అప్పటిదాకా మూల కూర్చున్న సీనియర్ లేచి తెరావో అకిరా పాడిన 'రుబీ నో యుబివా' అందుకునేది! 1981లో జపాన్ రికార్డ్ అవార్డు గెలిచిన పాట. పాతికేళ్ళ పిల్లలు తమంతట తాము దాన్ని ఎప్పుడు వింటారు? ఇంకొకరు 1975 నాటి 'రూజు నో దెన్‌గోన్' అందుకుంటారు (పలుకులో సాగినా, రాతలో మొదటి అక్షరం 'రు'యే). 'రు' గండం గడిచిందని చప్పట్లు కొడతారు, పేరు చివర 'న్' ఉందని ఒక్క క్షణం తర్వాత గుర్తొస్తుంది. ఇక గది గదంతా గోల. 2018లో వచ్చిన యోనెజు కెన్షి 'లెమన్' కథా అంతే. జపనీస్ పలుకులో అది 'రెమోన్'.

తగాదాలూ ఉంటాయి. 'ఉఎ ఓ ముయితె అరుకో', 1963లో అమెరికాలో నంబర్ వన్ అయిన సకమోతో క్యూ పాట, చెవికి 'ఓ'తో ముగుస్తుంది, రాతలో 'ఉ'తో. దేన్ని తీసుకోవాలి? డ్రింకులు ఆర్డర్ చేసేముందే తేల్చుకోండి.

నా అసలు గొడవ ప్యానెల్‌తో. ఒకప్పుడు కరోకే గదుల్లో దిండంత పాటల పుస్తకం ఉండేది, పేర్లన్నీ అక్షరక్రమంలో. ఇప్పుడు టచ్ ప్యానెల్ మీద ఒక్క అక్షరం నొక్కితే జాబితా వచ్చి పడుతుంది. అది చాలక ఫోన్‌లో 'రు పాటలు' అని వెతుకుతారు. దొరికిన పాట వాళ్ళకి సరిగ్గా రాదు, రెండో లైనుకే తడబడతారు. రాని పాట పాడి గెలిచి ఏం లాభం? నేనుండే గుంపులో ఒకటే రూలు: పేరు నోటితో చెప్పాకే ప్యానెల్ ముట్టుకోవాలి.

విదేశీయులకి కష్టం కదా అంటారు. నాకు మాత్రం ఇదే సుఖం. జపనీస్ అక్షరాల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క వరుస. సంస్కృతం రాయడానికి వాడిన సిద్ధం లిపి చదువుకున్న బౌద్ధ భిక్షువుల పుణ్యమా అని ఆ క్రమం మన వర్ణమాలకి చుట్టమే. నాకొచ్చిన కాసిని పాటలూ ఆ వరుసలోనే బుర్రలో పెట్టుకున్నాను. పైగా మొదటి అక్షరంతో జ్ఞాపకం పట్టడం అక్కడ పాత విద్య. కరుతా అంటే పద్యం చదువుతుంటే దాని కార్డును ముందుగా అందుకునే ఆట. హ్యకునిన్ ఇష్షు అనే పాత సంకలనంలోని నూరు పద్యాలతో ఆడే ఆ పోటీల్లో ము, సు, మె, ఫు, స, హొ, సె అనే ఏడు అక్షరాలతో ఒక్కో పద్యమే మొదలవుతుంది, కాబట్టి వాటిలో ఏది వినపడినా రెండో అక్షరం కోసం ఆగరు, చెయ్యి కార్డు మీద పడిపోతుంది. ఓత్సు ఊరిలోని ఓమి జింగూ గుడిలో ఆ పోటీలకి ఎవరైనా జాబితా చూసుకుంటూ కూర్చుంటారా?

ప్రస్తుతానికి 'రు'కి నా దగ్గర మూడే పాటలున్నాయి, అందులో ఒకటి 'న్'తో చచ్చేదే. మీకు తెలిసినవి ఉంటే చెప్పండి. వెతికి చెప్పేవి మాత్రం వద్దు, మీరు పాడగలిగినవే చెప్పండి.