ఒక తెలుగు మెసేజ్‌కు మా బోరు మోటర్ కాలిపోయింది

పోయిన ఎండాకాలం గుర్రంపోడు మండలంలోని మా బత్తాయి తోటలో అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటర్ కాలిపోయింది. ఏప్రిల్, మే నెలల్లో మోటర్లు కాలడం మా నల్లగొండ వైపు పెద్ద వార్తేమీ కాదు. ఆ రోజుల్లో ఏ వైండింగ్ షాపు ముందు చూసినా బోర్లలోంచి తీసిన మోటర్లు వరుసగా పడుకోబెట్టి ఉంటాయి. కాకపోతే మాది లో వోల్టేజీకి కాలలేదు, ఫేజు పోయీ కాలలేదు. స్టార్టర్ డబ్బాలోని సిమ్‌కు తెలుగులో వచ్చిన ఒక రీచార్జి ప్రకటన దాన్ని కాల్చింది. ఇలాంటి డబ్బాలలో నడిచే సాఫ్ట్‌వేర్ రాయడమే పదకొండేళ్లుగా నా బతుకుదెరువు కాబట్టి నాలుగు రోజులు కూర్చుని అది ఎలా జరిగిందో తేల్చుకున్నాను. తేలిన తర్వాత వచ్చిన కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

మొబైల్ స్టార్టర్ అంటే పాత ఆటో స్టార్టర్ కాదు. ఆటో స్టార్టర్ కరెంటు రాగానే ఎవరినీ అడగకుండా మోటర్‌ను నడిపిస్తుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, భూగర్భజలం అడుగంటుతుందని వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులకు చెప్పింది కూడా అందుకే. మొబైల్ స్టార్టర్‌లో సిమ్ ఉంటుంది. రైతు ఫోన్ చేస్తే మోటర్ నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. నీళ్లు అందక మోటర్ ఒట్టిగా తిరుగుతుంటే ఆంపియర్లు పడిపోవడాన్ని కనిపెట్టి దానంతట అదే ఆపేస్తుంది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పాముల మధ్య నుంచి బోరు కాడికి పోయే పని తప్పించిన వస్తువు అది, దాన్ని నేను తక్కువ చేయను.

ఆ రోజు మా నాయిన దేవరకొండలో పెండ్లికి పోయి ఉన్నాడు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, "రింగు పోతుంది గని మోటర్ బందయితలేదురా, ఇప్పటికి పదిసార్లు కొట్టిన" అన్నాడు. పక్క చేను మల్లన్న కాకను పంపించేసరికి మూడు గంటలు దాటింది. బోరు పైపులోంచి గాలి తప్ప చుక్క రావడం లేదు, స్టార్టర్ మీద పచ్చ లైటు మాత్రం నిశ్చింతగా వెలుగుతూ ఉంది.

అదే రకం డబ్బా ఇంకొకటి కొని, విప్పి, బల్ల మీద పెట్టి, నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏం జరుగుతుందో చూపించే డీబగ్గర్ తగిలించాను. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో రాస్తే 70 మాత్రమే, ఎందుకంటే అన్ని భాషల లిపులకూ సంఖ్యలు ఇచ్చే యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికి రెండు బైట్లు కావాలి. లోపల సిమ్‌తో పనిచేసే జీఎస్ఎమ్ మాడ్యూల్ ఆ తెలుగు అక్షరాలను చదవలేక ఒక్కోదాన్ని నాలుగు హెక్సు అంకెలుగా (0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్ దాకా గుర్తులతో రాసే లెక్క) విడగొట్టి, అంకెకు ఒక బైటు చొప్పున చిప్పుకు పంపుతుంది. అంటే 70 అక్షరాల నిండు మెసేజ్ 280 బైట్లు అవుతుంది. డబ్బా రాసిన మహానుభావుడు మెసేజ్ కోసం 200 బైట్ల బఫర్ (మెసేజ్‌ను తాత్కాలికంగా దాచే చోటు) పెట్టి, వచ్చే మెసేజ్ పొడుగు ఎంతో చూడకుండా దాంట్లోకి నకలు చేశాడు. మిగిలిన 80 బైట్లు పక్కనున్న సెట్టింగుల మీద పడ్డాయి. ముందు యజమానుల ఫోన్ నంబర్లు, నాలుగు నంబర్లకు 16 బైట్ల చొప్పున 64 బైట్లు, పోయాయి. నాయిన నంబరు డబ్బాకు పరాయిది కావడం వల్లనే పదిసార్లు కొట్టినా పలకలేదు. వాటి వెనకే రెండు బైట్లలో ఇంకో విలువ ఉంది: ఆంపియర్లు పడిపోయాక ఎన్ని సెకన్లు ఆగి మోటర్‌ను ఆపాలి అనేది. అక్కడ 10 ఉండాలి. తెలుగు అక్షరాల యూనికోడ్ సంఖ్యలన్నీ సున్నా, సి అనే రెండు హెక్సు అంకెలతో మొదలవుతాయి. సరిగ్గా ఆ రెండూ వచ్చి అక్కడ కూర్చున్నాయి. ఆ రెండు గుర్తులకు కంప్యూటర్ లోపలి సంకేతాలు 48, 67; ఆ రెండు బైట్లను కలిపి ఒకే సంఖ్యగా (67×256 + 48) చదివితే 17,200 సెకన్లు, అంటే 4 గంటల 46 నిమిషాల 40 సెకన్లు. అంతసేపు ఒట్టిగా తిరిగితే ఏ మోటర్ మిగులుతుంది?

ఇక్కడ ప్రోగ్రామ్ ఎక్కడా కూలిపోలేదు. కూలిపోతే, ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను కనిపెట్టే వాచ్‌డాగ్ టైమర్ డబ్బాను మళ్లీ మొదలుపెట్టేది, సెట్టింగులు ఫ్లాష్ మెమొరీ నుంచి సరిగ్గా వచ్చి ఉండేవి. ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా నడుస్తూనే మతి తప్పి నడిచింది. పైగా ఇదేదో దొంగ చేసిన పని కూడా కాదు; పని గట్టుకుని చేయదలచుకున్నవాడికి మన డబ్బా సిమ్ నంబరు తెలిస్తే సరిపోతుందన్న సంగతి ఆలోచిస్తేనే నాకు నిద్ర పట్టడం లేదు.

బఫర్ పొడుగు చూసుకోకపోవడం తప్పే, కానీ అసలు తప్పు అది కాదని నా వాదన. సి భాషలో రాసేవాడు ఎప్పుడో ఒకప్పుడు ఆ తప్పు చేస్తాడు, నేనూ చేశాను. ఊరూ పేరూ తెలియనివాళ్లు పంపే మెసేజ్‌ను చదివే కోడూ, మోటర్‌ను కాపాడే కోడూ ఒకే గదిలో అడ్డుగోడ లేకుండా కూర్చోవడం అసలు తప్పు. ఇలాంటి డబ్బాల్లో వాడే చిన్న ఆర్టీఓఎస్‌లను (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లను) మామూలుగా వాడే పద్ధతిలో వాడితే, టాస్కులన్నీ, అంటే ప్రోగ్రామ్‌లోని పనుల ముక్కలన్నీ, ఒకే మెమొరీని పంచుకుంటాయి, ఎవరు ఎవరి సామానునైనా ముట్టుకోవచ్చు. ఎక్కువ మంది టాస్కు అనే మాట చూసి వేరు వేరు అనుకుంటారు. అవి వంతులవారీగా నడుస్తాయి, అంతే.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు. దాన్ని వీలైనంత చిన్నది చేయాలనే మైక్రోకెర్నెల్ ఆలోచన పుట్టింది సరిగ్గా ఈ గోడ కోసమే. మన ఊళ్లలో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. ఆయన పని ఎవరి మడికి ఎప్పుడు ఎంత నీరు పోవాలో చూసి తూము ఎత్తడం, దించడం వరకే. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ రైతులే, ఏ రైతూ తనంతట తాను తూము ముట్టడు. మైక్రోకెర్నెల్ కూడా మెమొరీని పంచడం, ప్రాసెసర్ వంతులు చూడడం, ఒకరి కబురు ఇంకొకరికి చేర్చడం తప్ప మరేమీ చేయదు. పరికరాలను నడిపే డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్, నెట్‌వర్కు అన్నీ బయట, ఎవరి గదిలో వాళ్లు. లినక్స్ వంటి పెద్ద కెర్నెల్‌లో ఇవన్నీ లోపలే ఉంటాయి కాబట్టి ఒక డ్రైవర్ చెడితే మొత్తం చెడవచ్చు.

ఈ గొడవ కొత్తది కాదు. 1992 జనవరిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ల ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ లినక్స్ కాలం చెల్లిన నిర్మాణమని అంటే, దాన్ని రాసిన లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే తిప్పికొట్టాడు. అప్పట్లో టోర్వాల్డ్స్ వైపు న్యాయం కూడా ఉంది, ఎందుకంటే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మాక్ అనే మైక్రోకెర్నెల్‌లో గదుల మధ్య కబుర్లు నత్తనడక నడిచేవి. 1990ల మొదట్లోనే జర్మన్ శాస్త్రవేత్త యోఖెన్ లీట్కె ఎల్4 అనే మైక్రోకెర్నెల్ రాసి ఆ కబురు పని ఇరవై రెట్ల దాకా వేగంగా చేయవచ్చని చూపించాడు. తర్వాత 2009లో సిడ్నీలో గెర్విన్ క్లైన్, గెర్నోట్ హైజర్ బృందం ఎస్‌ఈఎల్4 అనే మైక్రోకెర్నెల్‌ను, దాదాపు 8,700 వరుసల సి కోడును, అది ముందుగా రాసిపెట్టిన నియమాల ప్రకారమే నడుస్తుందని గణితంతో రుజువు చేసింది. ఆ రుజువు రెండు లక్షల వరుసలు. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ప్రాజెక్టులో దాన్ని బోయింగ్ మానవరహిత లిటిల్ బర్డ్ హెలికాప్టర్‌లో పెట్టి, లోపలి లినక్స్ భాగాన్ని ముందే పరీక్ష కోసం పెట్టిన దాడి బృందం చేతికి ఇచ్చినా, వాళ్లు ఆ భాగాన్ని దాటి ఎగిరే పనిని ముట్టుకోలేకపోయారు. హైజర్ బృందమే 2018లో లినక్స్‌లోని అతి తీవ్రమైన లోపాలను ఒక్కొక్కటిగా తీసి చూసి, మైక్రోకెర్నెల్ నిర్మాణంలో అయితే వాటిలో 96 శాతం ఆ తీవ్రతకు చేరేవి కావని తేల్చింది. సొంత సరుకును మెచ్చుకునేవాళ్ల లెక్క కదా అని కొంత తరుగు తీసుకున్నా, మిగిలేది తక్కువేమీ కాదు.

అయితే మైక్రోకెర్నెల్ అని పేరు ఉండగానే ఒడ్డున పడ్డట్టు కాదు. 2015లో భద్రతా పరిశోధకులు చార్లీ మిల్లర్, క్రిస్ వాలాసెక్ దూరం నుంచి జీప్ చెరోకీని చేతిలోకి తీసుకుని, చివరికి 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిపించారు గుర్తుందా? ఆ కారు తెర వెనక నడిచింది క్యూఎన్‌ఎక్స్, అంటే మైక్రోకెర్నెలే. 6667 నంబరు పోర్టు, అంటే నెట్‌వర్కు నుంచి లోపలికి వచ్చే ఒక ద్వారం, పాస్‌వర్డ్ లేకుండా సెల్ నెట్‌వర్కుకు తెరిచి ఉంది, దాని ద్వారా లోపలికి వచ్చినవాడు బ్రేకుల వైపు దారి ఉన్న ఇంకో చిప్పులో తన కోడు వేసుకోగలిగాడు. నీరటి బుద్ధిగానే ఉన్నాడు, తూము తాళంచెవి రేడియో పెట్టె దగ్గర వేలాడదీశారు. 2021లో అదే క్యూఎన్‌ఎక్స్ పాత వెర్షన్ల మెమొరీ కేటాయింపు కోడులోనే లోపం బయటపడింది. కాబట్టి ఎవరికి ఏ తాళంచెవి ఇవ్వాలో కూర్చుని రాసుకోనివాడికి గోడలు కట్టి ఇచ్చినా అక్కరకు రావు.

ఈ మాటలు కంపెనీ సర్వీసు కుర్రవాడితో ఫోన్‌లో చెబితే, "సార్, ఆ సిమ్‌కు తెలుగు మెసేజ్‌లు రాకుండా బంద్ చేపించుకోండి, ప్రాబ్లం ఉండదు" అన్నాడు. ఇంతకంటే గొప్ప సెక్యూరిటీ సలహా నా సర్వీసులో వినలేదు. తర్వాత మాట్లాడిన పెద్దమనిషి మాత్రం చదువుకున్న జవాబే చెప్పాడు: మీరు చెప్పేవన్నీ విమానాలకు, కార్లకు, ఇంత చవక డబ్బాకు అంత పెట్టలేము అని. ఈ జవాబులో సగం నిజం ఉంది. ఎస్‌ఈఎల్4 నడవాలంటే ఎంఎంయూ (మెమొరీని పూర్తిగా వేరు వేరు గదులుగా పంచే హార్డ్‌వేర్) ఉన్న ప్రాసెసర్ కావాలి, మా స్టార్టర్‌లో ఉన్న కార్టెక్స్-ఎం4 రకం చిప్పులో అది ఉండదు. మిగిలిన సగం అబద్ధం. అదే చిప్పులో ఎంపీయూ ఉంది, అంటే మెమొరీని 8 ప్రాంతాలుగా విడదీసి ఏ టాస్కు ఏది ముట్టవచ్చో హార్డ్‌వేరే కాపలా కాసే ఏర్పాటు. దానికి కంపెనీ డబ్బు ఎప్పుడో కట్టేసింది, అది చిప్పు ధరలోనే ఉంది. డీబగ్గర్‌లో ఎంపీయూను ఆన్ చేసే రిజిస్టర్ (చిప్పులోని సెట్టింగు గడి) తెరిచి చూశాను, సున్నా. ఆన్ చేయనే లేదు. చిన్న చిప్పుల ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఫ్రీఆర్టీఓఎస్‌కు ఎంపీయూ వెర్షన్ ఉంది, జెఫిర్‌లో యూజర్ మోడ్ ఉంది, రస్ట్ భాషలో రాసిన టాక్ పూర్తిగా ఈ ఆలోచన మీదనే కట్టింది. మెసేజ్ చదివే టాస్కుకు దాని బఫరు, సీరియల్ పోర్టు తప్ప మరేమీ కనిపించకుండా చేసి ఉంటే, బఫర్ గది దాటగానే హార్డ్‌వేర్ అడ్డుపడి ఆ టాస్కు ఒక్కటీ చచ్చేది, మోటర్‌ను కాసే టాస్కు తన 10 సెకన్లు తాను లెక్కపెట్టుకునేది.

వేగం తగ్గుతుందన్న వాదన ఇక్కడ వినడమే వృథా. రోజుకు నాలుగు ఫోన్లు, రెండు మెసేజ్‌లు వచ్చే డబ్బాలో గది మారడానికి అయ్యే మైక్రోసెకన్ల లెక్క ఎవరికి కావాలి? నిజమైన కారణం నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీలోనే కూర్చుంటాను: ఎంపీయూ ఆన్ చేసిన మొదటి రోజు పాత కోడు అంతా పడిపోతుంది, ఎవరు ఎవరి మెమొరీలో వేలు పెడుతున్నారో అప్పుడు బయటపడుతుంది, అది సర్దడానికి రెండు నెలలు పడుతుంది, మేనేజర్ ఆ రెండు నెలలు ఇవ్వడు.

కంపెనీకి పూర్తి వివరాలతో మెయిల్ పెట్టి ఏడు వారాలు అయింది, జవాబు లేదు. ఈలోగా నల్లగొండ ప్రకాశం బజార్‌లో సిమ్మూ సాఫ్ట్‌వేరూ లేని మామూలు డ్రై రన్ రిలే (మోటర్ ఒట్టిగా తిరిగితే కరెంటు కోసేది) ఒకటి కొని, మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్చు అయిన కాంటాక్టర్ కాయిల్‌కు పోయే వైరుకు వరుసలో కలిపాను. ఇప్పుడు డబ్బా ఒప్పుకున్నా రిలే ఒప్పుకోకపోతే మోటర్‌కు కరెంటు లేదు. రీవైండింగ్ చేయించిన మోటర్ దించిన తర్వాత, బోరు గ్యాపు ఇచ్చే మధ్యాహ్నం వేళ చూసి ఆ తెలుగు ప్రకటననే నా ఫోన్ నుంచి డబ్బాకు మళ్లీ పంపాను. డబ్బా యథాప్రకారం మతి తప్పింది, నాయిన ఫోన్ కొడితే పలకలేదు. పైపులో ధార సన్నబడి, ఆగి, గాలి బుసకొట్టింది. నాయిన నా ముఖం చూస్తూ, "ఇంకోటి కాలవెడుతున్నవా ఏంది?" అంటుండగానే కాంటాక్టర్ టక్కుమని పడిపోయింది.